పిట్టకు మాటిచ్చి కొన్న డ్రోన్

మా ఆయన పోయిన మూడో నాడు, బంధువులందరి ముందు, ఒక డ్రోన్ కొంటానని మాటిచ్చాను. కొనమని నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా ఇంకెప్పుడైనా అయితే నవ్వేదాన్ని.

మా వైపు మూడో నాడు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, దహనం చేసిన చోట విస్తరిలో పెట్టి, అందరూ దూరం జరిగి కాకి కోసం చూస్తారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్ళు తృప్తిగా పోయినట్టు. రాకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరే విస్తరి దగ్గరికి పోయి, ఎదురుగా మనిషి కూర్చున్నట్టే మాట్లాడి, అతనికి ఏదో ఒక మాట ఇస్తారు. నేను డిచ్‌పల్లి క్యాంపస్‌లో తెలుగు ఎమ్మే చదివినదాన్ని. అంతమంది జనం మసలుతుంటే కాకి ఎందుకు దిగదో నాకు తెలియక కాదు. అయినా ఆ పొద్దు నా కళ్ళు కూడా కరెంటు తీగ మీదనే ఉన్నాయి.

బోధన్ అవతల, నిజాంసాగర్ కాలువ కింద మాకు కొద్దిగా చెరుకు తోట ఉంది. ఆ గట్టునే ఆయనను దహనం చేశాం. విస్తరిలో అన్నం, యాటకూర, మక్క గారెలు, పక్కన కల్లు సీసా. ఎండ ముదురుతోంది. తీగ మీద కాకులున్నాయి గానీ ఒక్కటీ కదల్లేదు.

ముందు మా అత్తమ్మ లేచింది. ఆమెకు ఆయన ఒక్కడే కొడుకు. విస్తరి ముందు గొంతుక్కూర్చుని, "నీ పెండ్లాన్ని కోడలనుకోను కొడుకా, నా కడుపుల పుట్టినట్టు సూస్కుంట. నువ్వు రంది పెట్టుకోకు. వచ్చి ముట్టు" అంది. ముట్టలేదు. ఆమె అక్కడే చాలాసేపు కూర్చుని, తీగ వైపు చూసి, మళ్ళీ అదే మాట ఇంకా గట్టిగా అంది. కాకులకు ఆ ధ్యాసే లేదు. ఎవరో రెక్క పట్టి లేపి తీసుకొచ్చారు. ఆ తర్వాత ఆయన మేనమామ పోయి చేను పడావు పెట్టి బీడు కానియ్యనని మాటిచ్చాడు. ఇంకొకరు పోయి కల్లు ఒంపారు. ఏమీ కాలేదు. ఆడవాళ్ళు ఏడుపు మళ్ళీ ఎత్తుకున్నారు.

మాకు పిల్లలు లేరు. పిల్లలను సాకుతానని, చదివిస్తానని ఇచ్చే మాటలేవీ నా దగ్గర లేవు. ఆయన నన్ను అడిగింది గానీ, నేను ఇయ్యలేకపోయింది గానీ వెతికితే ఏదీ తోచలేదు. తోచింది ఒక్కటే. విస్తరి దగ్గరికి పోయి, "నీ డ్రోన్ నేను కొంట. కొని నేనే లేపుత. మన చేను మీదనే లేపుత" అన్నాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. నేను వెనక్కి వచ్చి ఆడవాళ్ళలో కలిశానో లేదో, ఒక కాకి దిగి యాటకూర ముక్క ఎత్తుకుపోయింది. దాని వెనకే మిగతావన్నీ దిగాయి.

అందరూ దండం పెట్టారు. అత్తమ్మ పెట్టలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, ఎవరికోసమూ ఆగకుండా ఆటో దగ్గరికి నడిచిపోయింది. నిజామాబాద్ వచ్చేదాకా ఆమె నాతో అన్నది ఒక్కటే మాట.

"నా మాటకు ముట్టలే. నీ మాటకు ముట్టింది."

ఆమె అట్లా ఎందుకన్నదో నాకు తెలుసు. మా ఆయనది బోధన్ రోడ్డులో మోటార్ వైండింగ్ షాపు. చెరుకు రైతులు కాలిపోయిన మోటార్లు తెచ్చి పడేస్తే, రాగి తీగ కొత్తగా చుట్టి ఇచ్చేవాడు. పొద్దంతా పెద్ద మోటార్లతో కుస్తీ పట్టినవాడికి, డ్రోన్‌లో ఉండే ఉసిరికాయంత మోటార్ల మీద ఎక్కడలేని మోజు. అన్నం తిన్నాక ఫోన్లో వాటి వీడియోలు పెట్టుకుని, బొమ్మ చూడకుండా, కళ్ళు మూసుకుని చప్పుడు వినేవాడు. "ఎంత సాఫ్‌గ తిరుగుతున్నదో ఇను" అని ఫోను నా చెవి దగ్గర పెట్టేవాడు. నాకు దోమ చప్పుడులా వినిపించేది. ఆ మాటే చెప్పేదాన్ని.

ఏళ్ళ తరబడి అదే ఎంచుకోవడం. ఆఖరికి ఒకటి ఖాయం చేసుకుని వాళ్ళ అవ్వకు, మా అత్తమ్మకు చెప్పాడు. ఆమె గయ్యిమంది. "మీ బాపు నేల మీద నిలవడి చెరుకు పండిచ్చిండు. నువ్వు మీదికెల్లి ఏం సూస్తవ్‌రా? సిగ్గు లేదా, పొల్లగాండ్ల ఆటకు?" అంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. డ్రోన్ రాలేదు. ఆ వానాకాలమే షాపులో పనిచేస్తూ చేస్తూ కుప్పకూలిపోయాడు. గుండెపోటన్నారు. కొడుకు తన మీద కోపంతోనే పోయాడని అత్తమ్మ మనసులో పడిపోయింది. కాకి వచ్చి ఆ అనుమానం మీద ముద్ర వేసి పోయింది.

ఇప్పుడు నేను డ్రోన్ కొనకపోతే ఆయనకిచ్చిన మాట తప్పినట్టు. కొంటే అత్తమ్మ కళ్ళముందు రోజూ ఆ తప్పు పెట్టినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కొనడానికే నిశ్చయించుకున్నాను. నా గుణం అది. నోరు జారితే దాని వెనకే నడుస్తాను.

కంఠేశ్వర్‌లో మా ఇంటి ముందుగదిలో నేను బ్లౌజులు కుడతాను. కుట్టుమిషను కొన్ననాడు అత్తమ్మ దాన్ని తాకలేదు. "మంచి పనికి నా చెయ్యి పడొద్దు" అని పక్కింటి ముత్తైదువను పిలిచి బొట్టు పెట్టించింది. ఎప్పుడో చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి. తన చెయ్యి అశుభమని ఆమెకు ఎవరు నేర్పారోగానీ బాగా నేర్పారు. కొత్త సైకిలుకైనా, కొత్త కుండకైనా ముందు ఆమె చెయ్యి పడేది కాదు. ఆ వరసలో ఇప్పుడు నేను కూడా చేరానని నాకు ఒకరిద్దరు సైగలతోనే తెలియజేశారు. నేను వాళ్ళ బ్లౌజులు ఆలస్యంగా కుట్టిచ్చాను.

మా ఆయన స్నేహితుడొకడు పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తాడు. నన్ను వదినా అంటాడు. ముందు అతని దగ్గరికే పోయాను. బీరువాలోంచి పెట్టె తీసి తన డ్రోన్ చూపించాడు. రెక్కలు విప్పితే నా కుట్టుబల్ల సగం నిండింది.

"తీసుకుంటే గిసొంటిదే తీసుకో వదినా. మండపం మీద లేపితే గాలికి ఇంచు కదలదు" అన్నాడు.

"దీనికి లైసెన్సు కావాల్నా?"

"ట్రైనింగు పోవాలె, సర్టిఫికెట్ తెచ్చుకోవాలె. అయినా నీ చేన్ల నిన్నెవరడుగుతరు?"

నాకు ఒళ్ళు మండింది. ఎవరూ అడగకపోతే తప్పు ఒప్పైపోతుందా? చనిపోయిన మనిషికి ఇచ్చిన మాటను దొంగచాటుగా చెల్లించే ఖర్మ నాకేమీ పట్టలేదని చెప్పాను. అతను కంగారుపడి టీ తెప్పించాడు. టీ వచ్చేలోపు అసలు సంగతులు చెప్పాడు. పావుకిలో లోపు బరువుండే చిన్న డ్రోన్లున్నాయి. సరదాకు ఎగరేసుకునేవాళ్ళకు వాటికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అయినా ఎగరేసే ముందు ప్రభుత్వం వారి మ్యాపు తెరిచి, ఆ చోటు పచ్చరంగులో ఉందో లేదో చూసుకోవాలి. బయటి దేశాలవి తెప్పించుకోవడానికి ఇప్పుడు వీల్లేదు గాబట్టి, చాటుగా దొరికేవాటికి బిల్లుండదు, పాడైతే బాగుచేసేవాడూ ఉండడు. బిల్లు లేనిది వద్దని అక్కడే కొట్టేశాను.

లేస్తూ లేస్తూ, అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాను. "అవ్వ తిట్టిందనేనా ఆయన కొనకుండ ఆగింది?"

అతను నవ్వాడు. నవ్వాక, నవ్వినందుకు నొచ్చుకున్నట్టు తల దించుకున్నాడు.

"అవ్వ తిట్టిన తెల్లారే నా దగ్గరికొచ్చిండు వదినా. అవ్వ ఎట్ల తిట్టిందో యాక్షన్ చేసి మరీ చూపిచ్చిండు, ఇద్దరం ఒకటే నవ్వుడు. ఆర్డర్ పెట్టమన్నడు. నేను పెడుతుంటె ఆగు ఆగు అన్నడు. ఇంకో కొత్తది వస్తున్నదంట, దాని మోటర్ ఇంకా సాఫ్ ఉంటదంట. గట్ల ఎన్నిసార్లు చేసిండో. నువ్వు జన్మల కొనవన్నా అంటే, కొంటే ఎంచుకునుడు అయిపోతది గదరా అన్నడు."

ఇంటికొచ్చి అత్తమ్మకు ఈ ముచ్చట చెప్పబోయాను. "ఆయన ఆగింది నీ మాటకు కాదంట" అన్నానో లేదో, "ఆ ముచ్చట నా ముందట తీయకు" అని గోడ వైపు తిరిగి పడుకుంది. ఇంకోసారి ప్రయత్నిస్తే అన్నం ముందునుంచి లేచిపోయింది. ఇక నేను తీయలేదు.

తర్వాత ఎంచుకోవడంలో పడ్డాను. బట్టల షాపులో జాకెట్టు ముక్క రంగు కలవకపోతే దుకాణాలన్నీ తిరిగే మనిషిని, నాకు కొత్తేమీ కాదనుకున్నాను. కానీ ఇందులో ఏదీ ఒక్కటిగా రాదు. బరువు తక్కువైతే గాలికి ఊగుతుంది. గాలికి నిలిచేదైతే బరువు దాటుతుంది. ఒకదానికి కెమెరా బాగుంటే బ్యాటరీ చప్పున అయిపోతుంది. కొన్నింటికి కింది నేలను చూసి కుదురుగా నిలబడే కన్ను ఉంటుంది. కానీ చెరుకు ఆకులు గాలికి అలల్లా కదులుతుంటే ఆ కన్ను తికమకపడి పక్కకు జారిపోతుందట. కాబట్టి మా చేను మీద కిందికి దిగకుండా ఎత్తులోనే ఉంచాలి. ఇలాంటివి ఒక్కొక్కటే తెలుస్తుంటే, ఆయన అన్నం తింటూ నాకు చెప్పిన మాటలు ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చాయి. అప్పుడు ఊఁ కొట్టి వదిలేసినవి. ఇప్పుడు నాకు సందేహాలున్నాయి, అడగడానికి ఆయన లేడు. ఒకరోజు బ్లౌజు కోస్తూ కోస్తూ దానికే వెక్కి వెక్కి ఏడ్చాను.

హైదరాబాద్ పోయి ఒక పెద్ద షాపులో చూశాను. అక్కడి అబ్బాయి నన్ను చూసి, "బాబు కోసమా మేడమ్?" అని హాల్లో ఎగరేసుకునే ప్లాస్టిక్ బొమ్మ తెచ్చాడు. నాకేనన్నాను. "ఓ, గిఫ్టా?" అన్నాడు. గాలి ఎంత తట్టుకుంటుందని అడిగాను, కింది కన్ను ఎంత ఎత్తుదాకా పనిచేస్తుందని అడిగాను, రెక్క విరిగితే విడిగా దొరుకుతుందా, మోటారు కాలితే నిజామాబాద్‌కు పంపుతారా అని అడిగాను. అతను లోపలికి పోయి ఇంకొకతన్ని పిలుచుకొచ్చాడు. ఆ రెండో అతను కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడాడు. అయినా ఆ రోజు కొనలేదు. సరిగ్గా ఆయనలాగే, ఇంకొకటి చూసి చెప్తానని బస్సెక్కాను.

ఆ బస్సులో నాకు తెలిసొచ్చింది. నేను కావాలనే ఆలస్యం చేస్తున్నాను. ఎంచుకుంటున్నన్ని రోజులూ ఆయనతో ఒక పని మిగిలి ఉంది. ఏది మంచిదో ఆయనతో మనసులో వాదించుకోవచ్చు, ఆయన మాట కొట్టిపారేయవచ్చు, మళ్ళీ ఒప్పుకోవచ్చు. కొంటే అదీ అయిపోతుంది. ఆయన ఎందుకు కొనలేదో నాకు పూర్తిగా అర్థమైంది ఆ రోజే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనను అంత దగ్గరగా చూసినట్టు నాకెప్పుడూ అనిపించలేదు, చూడవలసిన టైములో చూడలేదని దుఃఖమూ ఆగలేదు. పక్క సీటావిడ నీళ్ళ సీసా ఇచ్చింది. డిచ్‌పల్లి దాటాక ముఖం కడుక్కున్నాను.

చెరుకు కొట్టేలోపు ఎగరేయాలని గడువు పెట్టుకున్నాను. మహారాష్ట్ర నుంచి కొట్టేవాళ్ళ బండ్లు దిగితే చేను నేలమట్టమవుతుంది. ఉత్త నేల మీద ఎగరేయడానికి నాకు మనసొప్పలేదు. మన దేశంలోనే తయారైన ఒక చిన్న డ్రోన్‌ను, బిల్లుతో, గ్యారంటీతో తీసుకున్నాను. అది అన్నింట్లో గొప్పదేమీ కాదు. మోటార్ల చప్పుడు మాత్రం షాపులో కళ్ళు మూసుకుని విన్నాను. ముందు చూసినవాటి కన్నా నున్నగా ఉంది.

రెక్కల చుట్టూ పెట్టే ప్లాస్టిక్ కంచె కూడా కొన్నాను, కొత్తదాన్ని కదా, దేనికైనా తగిలిస్తానని. ఇంటికొచ్చాక అనుమానమొచ్చి పక్క కిరాణా కొట్టు కాటా మీద తూకం వేయించాను. కంచె తొడిగితే పావుకిలో దాటింది, తీస్తే లోపుంది. కొట్టాయన పప్పు తూచినంత శ్రద్ధగా అటూ ఇటూ పెట్టి చూసి, "తీసేయ్ అక్కా, ఎక్కువున్నది" అన్నాడు. తీసేశాను. దాని బదులు విడి రెక్కలు ఎక్కువ తెచ్చుకున్నాను. బ్యాటరీలు అదనంగా తీసుకున్నాను. ఎండలో ఫోన్ తెర కనిపించదని తెర ఉన్న రిమోటే తీసుకున్నాను, అక్కడ మాత్రం పిసినారితనం చేయలేదు. డ్రోన్ దిగడానికి కింద పరిచే చాప, మోసుకుపోయే సంచీ కొనలేదు. నా చేతిలో మిషను పెట్టుకుని సంచీ కొంటే దర్జీలంతా నవ్వుతారు. లోపల మెత్తటి దూది పొరతో సంచీ కుట్టాను. నారింజరంగు టెంటు గుడ్డతో గుండ్రటి చాప కుట్టి, అంచుకు మేకులు దిగడానికి కాజాలు వేశాను. అత్తమ్మ గడప దగ్గర కూర్చుని నేను కుట్టేదంతా చూసేది. ఏమిటని అడగలేదు.

ఊరవతల పడావు పడిన ప్లాట్లలో పొద్దున్నే పోయి నేర్చుకున్నాను. డ్రోన్ ముఖం అవతలికి ఉన్నంతసేపు మన కుడి దానికీ కుడే. ముఖం మన వైపు తిప్పుకుందా, కుడి ఎడమవుతుంది. బట్ట తిరగేసి కోస్తే ఎడమ చెయ్యి కుడి చెయ్యి అయినట్టే. ఆ తప్పు దర్జీలు మొదట్లోనే చేసి తిట్లు తినేస్తారు గాబట్టి నాకు తొందరగా అబ్బింది. రెండు రెక్కలు విరగ్గొట్టాను. పొద్దుటి నడకకు వచ్చే పెద్దమనుషులు ఆగి సలహాలిచ్చేవాళ్ళు. ఒకాయన మాత్రం ఏమీ చెప్పకుండా నిలబడి చూసి, "బాగున్నదమ్మా" అని పోయేవాడు.

చేను మీద ఎగరేసేనాడు అత్తమ్మను రమ్మన్నాను. ముందు రానంది. నేను సంచీ భుజానికి వేసుకునేసరికి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"నేను చేను సూడవస్తున్న. నీ ఆట సూడనీకి కాదు" అంది.

చెరుకు మనిషికి మించి పెరిగి ఉంది. ఆకుల గరగర తప్ప వేరే చప్పుడు లేదు. ఆయన దహనమైన గట్టు మీద గడ్డి మొలిచింది. అత్తమ్మ అటు చూడకుండా మోటారు దగ్గరున్న రేకుల షెడ్డులోకి పోయి కూర్చుంది. మ్యాపు చూసుకున్నాను, పచ్చగానే ఉంది. డ్రోన్ బయటికి తీసి, కెమెరా మూత తీసి, షెడ్డు అరుగు మీద గుడ్డ పరిచి పెట్టాను. చాప తీసుకుపోయి తోట పక్క ఖాళీలో పరిచి వచ్చాను. నేల గట్టిగా ఉందని మేకులు సగమే దిగగొట్టాను. డ్రోన్‌ను వెనకనుంచి పట్టుకుపోయి, ముఖం అవతలికి పెట్టి, షెడ్డు దగ్గరికొచ్చి లేపాను.

లేచింది. తెర మీద చూస్తే చేను లేదు, కాలువ లేదు, అంతా ఎర్రగా, మసకగా, మధ్యలో పసుపు చార. కెమెరా కాలిపోయిందనుకున్నాను. ఆయనకిచ్చిన మాట పట్టుకుని ఇంత చేస్తే ఇదా ఫలితం అని ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. దించి, చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. సరిగ్గా కెమెరా కన్ను మీద బొటనవేలంత కుంకుమ బొట్టు. చుట్టూ పసుపు.

ఆ చేన్లో ఉన్నది మేమిద్దరమే.

"అత్తమ్మా, నువ్వు పెట్టినవా?"

ఆమె కొంగు ముడి విప్పి చూపించింది. కాగితం పొట్లంలో పసుపు, ఇంకోదాంట్లో కుంకుమ. ఇంటినుంచే తెచ్చుకుంది.

"మొదటిపారి లేస్తున్నది. బొట్టు లేకుంట ఎట్ల పంపుతరు? నువ్వు చాప పరవపోయినప్పుడు పెట్టిన. అది నొసలనుకున్న."

"కన్ను అత్తమ్మా అది."

"నాకేం ఎరుక? ఎక్కడ జూసినా నల్లగనే ఉన్నది" అని కసిరింది. తర్వాత చెయ్యి చాపి డ్రోన్ తీసుకుని, కొంగు చెరగు నోటి ఆవిరితో తడి చేసి, పసిపిల్ల కన్ను తుడిచినట్టు మెల్లగా తుడిచింది. కుట్టుమిషనుకు కూడా చెయ్యి పెట్టని మనిషి. నాకు కోపమంతా దిగిపోయింది. పక్కన కూర్చున్నాను. తుడవడం అయిపోయినా ఆమె దాన్ని వెంటనే ఇయ్యలేదు.

"వాడు నా మీద కోపంతోనే పోయిండా?" అంది. తల ఎత్తలేదు.

అప్పుడు చెప్పాను. తిట్టిన తెల్లారే స్నేహితుని దగ్గరికి పోయి ఆమె తిట్టిన తీరు చేసి చూపించాడని, ఇద్దరూ పడీ పడీ నవ్వారని, ఆర్డరు పెట్టమన్నదీ ఆగమన్నదీ తనేనని, కొంటే ఎంచుకోవడం అయిపోతుందన్నాడని. నేను కూడా అట్లనే బస్సెక్కి తిరిగొచ్చిన సంగతి చెప్పాను.

"నన్ను ఊకోబెట్టనీకి చెప్తున్నవ్" అంది.

"నేను ఎప్పుడన్న నిన్ను ఊకోబెట్టిన్నా అత్తమ్మా?"

ఆ మాటకు ఆమె మూతి ఒక పక్కకు కదిలింది. నవ్వో ఏడుపో పోల్చుకోలేకపోయాను. డ్రోన్ నా చేతిలో పెట్టింది.

ఈసారి లేపితే తెర మీద చేను విప్పారింది. చెరుకు పైన తెల్లటి వెన్నుల వరస, మడుల మధ్య సన్నటి గట్లు, అవతల కాలువ, కాలువలో ఆకాశం. దూరాన బోధన్ వైపు పొగమంచు. ఆయన ఈ చేన్లో నడిచిన దార్లన్నీ మీదినుంచి గీతల్లా ఉన్నాయి. అత్తమ్మ మెడ చాచి చూసింది. "గా మూల తేలిపోయింది. నీళ్ళు అందుతలెవ్వు" అంది. నిజమే, ఆ మూల పంట పలచగా ఉంది. నేల మీదినుంచి మాకెవరికీ ఎప్పుడూ కనిపించలేదు.

దించుదామని చూస్తే, గాలికి సగం దిగిన మేకులు ఊడి, చాప ముడుచుకుపోయి చెరుకు పక్కన పడి ఉంది. మన్నులో దిగితే మోటార్లలోకి దుమ్ము పోతుంది. డ్రోన్‌ను ఉన్నచోటనే నిలిపి, రిమోటు అత్తమ్మ ఒళ్ళో పెట్టి, దేన్నీ నొక్కొద్దని చెప్పి పరుగెత్తాను. చాప లాగి, సరిచేసి, రాయితో మేకులు దిగగొడుతున్నాను. తల ఎత్తేసరికి అత్తమ్మ షెడ్డు వదిలి నా వైపు నడిచి వస్తోంది. చెప్పులు కూడా వేసుకోలేదు. రిమోటును రెండు చేతుల్లో, నిండు చెంబు మోసినట్టు పట్టుకుంది.

"ఏమైంది? ఏదన్న నొక్కినవా?"

"ఏం నొక్కలే." ఆయాసపడుతోంది. "అండ్ల సూస్తే గంత పెద్ద చేన్ల నువ్వొక్కదానివే ఉన్నవ్. చీమంత. సూడలేకపోయిన బిడ్డా."

వచ్చి నా పక్కన, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా నిలబడింది. కొంగు తెర మీద నీడ పట్టి, ఇద్దరం కనిపిస్తున్నామో లేదో వంగి చూసుకుంది. అప్పుడు రిమోటు నా చేతికిచ్చి, తల మీద కొంగు సర్దుకుంది.

"గిప్పుడు ఫొటో తియ్యి" అంది.